వెయ్యికి ఎనిమిది ప్యాకెట్లు: కారం మిషన్‌లో టైమర్ మోడ్ తంటా

గుంటూరు పక్కన ఒక చిన్న కారం యూనిట్. యార్డులో కొన్న తేజ, '334' అనే రెండు రకాల మిర్చి ఆడించి 100 గ్రాముల పౌచ్‌లు కొడతారు. ప్యాకింగ్ మిషన్ ఒక్కటే ఉంది. దాని కంట్రోల్ బోర్డు కాలిపోయింది. అమ్మినవాళ్లను అడిగితే ఆ మోడల్ ఎప్పుడో ఆపేశామన్నారట. "బోర్డు కొత్తగా చేసివ్వగలవా అబ్బాయ్, సీజన్ మీద ఉన్నాం" అని ఓనర్ గారు ఫోన్ చేశారు.

ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్పు మీద బోర్డు తయారుచేసి, ఆర్డునోలో ప్రోగ్రామ్ రాసి, బిగించి వచ్చాను. మొదటి నాలుగు రోజులు ప్రింటు లేని ప్లెయిన్ ఫిల్మ్ మీద ట్రయల్ నడిపారు. ఒక్క కంప్లయింట్ కూడా రాలేదు. ఐదో రోజు అసలు ప్రింటెడ్ రోల్ ఎక్కించారు. సాయంత్రానికి మళ్లీ ఫోన్. "గంటకి ఇరవై ప్యాకెట్ల దాకా పొట్టిగా వస్తున్నాయి, బొమ్మ మధ్యలో తెగిపోతోంది."

నిమిషానికి 40 ప్యాకెట్లు, అంటే గంటకి 2400. అందులో ఇరవై, అంటే వెయ్యికి ఎనిమిది. ప్రతి ప్యాకెట్టూ పాడైతే గంటలో పట్టుకోవచ్చు. వెయ్యికి ఎనిమిది అంటే మాత్రం నాకు టెన్షన్.

మిషన్ సంగతి

ఫిల్మ్ గొట్టంలా చుట్టుకుని పైనుంచి కిందికి దిగుతుంది. రెండు రబ్బరు రోలర్లు దాన్ని ఒక పౌచ్ పొడుగు లాగి ఆగుతాయి. అప్పుడు సీలింగ్ జా మూసుకుని అతికించి కోస్తుంది. జా నడిచేది మెయిన్ మోటారు క్యామ్ మీద. ఫిల్మ్ ఎక్కడిదాకా వచ్చిందో దానికి పట్టదు, టైమ్ అయితే మూసుకుంటుంది.

రోలర్లను తిప్పేది స్టెప్పర్ మోటారు, పల్స్‌కి ఒక అడుగు చొప్పున తిరిగేది. చుట్టుకి 200 స్టెప్పులు, డ్రైవర్‌లో ఎనిమిదో వంతు మైక్రోస్టెప్, కాబట్టి చుట్టుకి 1600 పల్స్‌లు. రోలర్ వ్యాసం 50 మి.మీ., చుట్టుకొలత 157 మి.మీ. పల్స్‌కి సుమారు 0.1 మి.మీ. అన్నమాట. 120 మి.మీ. పౌచ్‌కి 1222 పల్స్‌లు పంపాలి. సెకనుకి 500 పల్స్‌లతో బయల్దేరి 4000 దాకా వేగం పెంచి, మళ్లీ తగ్గించి ఆపాలి. ఒక్కసారిగా 4000తో మొదలుపెడితే ఆ రోలర్ల బరువుకి మోటారు కదలకుండా గుర్రుమంటుంది.

ఈ పల్స్‌లు ఇచ్చేది చిప్పులోని టైమర్1, 16 బిట్లది, అంటే 65535 దాకా లెక్కపెట్టగలదు. క్రిస్టల్ 16 మెగాహెర్ట్జ్, ప్రీస్కేలర్ (ఆ క్లాక్‌ని భాగించేది) 8, కాబట్టి టైమర్ అర మైక్రోసెకనుకి ఒక అంకె లెక్కపెడుతుంది. నేను వాడింది సీటీసీ మోడ్, అంటే మోడ్ 4. లెక్క సున్నా నుంచి మొదలై ఓసీఆర్1ఏ అనే రిజిస్టర్‌లో (చిప్పులో అంకె దాచుకునే గడి) ఉన్న అంకె దాకా వెళ్తుంది. అక్కడ ఇంటరప్ట్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఒక్క క్షణం ఆపి, దానికోసం రాసిన ముక్కని నడిపించే సంకేతం) ఇచ్చి మళ్లీ సున్నాకి వస్తుంది. ఓసీఆర్1ఏలో 3999 ఉంటే రెండు మిల్లీసెకన్లకి ఒక పల్స్, 499 ఉంటే 250 మైక్రోసెకన్లకి ఒకటి. (సున్నా కూడా లెక్కే, అందుకే ఒకటి తక్కువ. 500 అని రాసి, రోజంతా కొలిచి, ఎక్కడో 0.2 శాతం తేడా వస్తోందని జుట్టు పీక్కున్నవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఉన్నాను.)

ఇక ఐ మార్క్. ప్రింటెడ్ ఫిల్మ్ అంచున ప్రతి పౌచ్‌కీ ఒక నల్ల గీత ఉంటుంది, సెన్సార్ దాన్ని చూస్తుంది. రబ్బరు జారడం వల్లో ప్రింటు సాగడం వల్లో గీత ఒక మిల్లీమీటరు ఆలస్యంగా వస్తే, ఆ మిల్లీమీటరు అదనంగా లాగాలి. క్యామ్ ఆగదు కాబట్టి అదే టైములో లాగాలి. అందుకని గీత కనబడగానే ఐ మార్క్ ఇంటరప్ట్‌లో వేగాన్ని కాస్త పెంచేవాణ్ణి. ఓసీఆర్1ఏని 499 నుంచి 490కో, మరీ ఎక్కువైతే 479కో దించడం. గరిష్ఠంగా నాలుగు శాతం.

ప్లెయిన్ ఫిల్మ్‌కి గీత ఉండదు. ట్రయల్‌లో ఐ మార్క్ ఆఫ్. ఈ ఒక్క విషయం ఫోన్ వచ్చిన రోజే తట్టి ఉంటే మూడు రోజులు మిగిలేవి.

ఎక్కడెక్కడ వెతికాను

అక్కడికి వెళ్లగానే సెన్సార్ మీద పడ్డాను. కారం యూనిట్‌లో సెన్సార్ అద్దం మీద ఎర్రటి పొర పేరుకోవడం మామూలే. తుడిచాను, తుమ్మాను, మళ్లీ తుడిచాను. తేడా లేదు. రబ్బరు రోలర్లు స్పిరిట్‌తో కడిగించాను. డ్రైవర్‌లో కరెంటు ఒక మెట్టు పెంచాను. మోటారు ఇంకాస్త వేడెక్కింది, అంతే.

అసలు ఆధారం ఇచ్చింది మిషన్ కింద కూర్చుని ప్యాకెట్లు ఏరి డబ్బాల్లో సర్దే అక్క. "పొట్టిది వచ్చే ముందు మిషన్ టక్కుమంటదండి. నేను చూడకుండానే చెప్తా. దాని ఎనకాలే ఒకటి పొడుగ్గా వస్తది" అంది. పది నిమిషాలు పక్కనే నిలబడ్డాను. మూడుసార్లు టక్కుమంది, మూడుసార్లూ ఆవిడ ముందే చెయ్యి చాపి ప్యాకెట్ పక్కకి తీసేసింది.

రబ్బరు జారితే టక్కుమనదు. లాగడం మధ్యలో మోటారు ఒక్క క్షణం ఆగితేనే ఆ చప్పుడు వస్తుంది.

లాజిక్ అనలైజర్ తీసి ఒక తీగ స్టెప్ లైనుకి, ఇంకోటి ఐ మార్క్ లైనుకి తగిలించి పది నిమిషాలు రికార్డు చేశాను. 400 ప్యాకెట్లలో మూడుచోట్ల పల్స్‌ల వరస మధ్యలో ఖాళీ కనిపించింది. మూడూ ఐ మార్క్ రాగానే వచ్చినవే. ఎంతసేపో కొలిచాను: 33.008 మిల్లీసెకన్లు, 33.012, 33.010.

ఈ అంకెల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కరెంటు గోలో, నాయిస్సో అయితే ఖాళీలు ఇంత దగ్గరదగ్గరగా ఉండవు. అర మైక్రోసెకను లెక్కన 16 బిట్ల టైమర్ ఒక పూర్తి చుట్టు తిరగడానికి 65536 అంకెలు, అంటే 32.768 మిల్లీసెకన్లు. 33.008లోంచి అది తీసేస్తే 0.240 మిగిలింది. అది 480 అంకెలు, అంటే ఓసీఆర్1ఏలో 479. నేను రాసిన కొత్త విలువే! మిగతా రెండూ 0.244, 0.242. అవీ నేను రాసిన విలువలే.

ఏం జరుగుతోందో అప్పుడు అర్థమైంది. పాత హద్దు 499. టైమర్ లెక్క 485 దగ్గర ఉండగా గీత కనబడింది, నేను హద్దుని 479కి దించాను. టైమర్ అప్పటికే 479 దాటేసింది. తన లెక్కా హద్దూ సమానమయ్యాయా అని మాత్రమే అది చూస్తుంది, దాటానా అని చూడదు. ఇక 499 దగ్గర ఆగే పని లేదు, అక్కడ హద్దు లేదు. నేరుగా 65535 దాకా పోయి, సున్నా అయి, మళ్లీ 479కి వచ్చాక ఇంటరప్ట్ ఇచ్చింది. ఆ 33 మిల్లీసెకన్లు మోటారుకి పల్స్ లేదు. 13 మి.మీ. ఫిల్మ్ లాగాల్సిన సమయం అది. పల్స్‌లు తిరిగి వచ్చేది పూర్తి వేగంతో, కాబట్టి మోటారు ఒక్కోసారి అందుకుంటుంది, ఒక్కోసారి అందుకోలేదు. ఈలోపు జా మూసుకుంటుంది. పొట్టి ప్యాకెట్, దాని వెనక సర్దుబాటులో పొడుగు ప్యాకెట్.

480 నుంచి 499 దాకా ఇరవై అంకెలు. పది మైక్రోసెకన్ల సందు. 250 మైక్రోసెకన్లలో గీత సరిగ్గా ఆ సందులో పడే అవకాశం నాలుగు శాతం. అది గరిష్ఠ సర్దుబాటుకి. సగటున సర్దుబాటు అందులో సగం ఉంటుంది, పైగా సగం ప్యాకెట్లకి గీత ఆలస్యంగా రాదు. అంటే వందకి ఒకటి. అక్క లెక్కా దాదాపు అంతే.

ఇది చిప్పు లోపం అనుకోకండి. సీటీసీ మోడ్‌లో ఓసీఆర్1ఏకి డబుల్ బఫరింగ్ (రాసిన విలువని పక్కన ఉంచి, చుట్టు పూర్తయ్యాకే అమలుచేయడం) ఉండదని, కొత్త విలువ ప్రస్తుత లెక్కకన్నా తక్కువైతే ఆ మ్యాచ్ తప్పిపోతుందని చిప్పు వివరాల పత్రం డేటాషీట్‌లో స్పష్టంగానే ఉంది. ఆ పేరా నేను చదివాను కూడా. అయితే వేగం పెంచే ర్యాంప్ అంతా టైమర్ ఇంటరప్ట్‌లోనే ఉంది. అక్కడ లెక్క అప్పుడే సున్నా అయి ఉంటుంది, ఏం రాసినా పర్వాలేదు. ఐ మార్క్ ఇంటరప్ట్ ఎప్పుడైనా రావచ్చన్నది బుర్రలోకి ఎక్కలేదు.

8051 అలవాటు

దీనికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. నేను టైమర్లు నేర్చుకున్నది 8051 మీద. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది, మన దగ్గర డిప్లొమా, బీటెక్ ల్యాబుల్లో చాలామందికి మొదటి చిప్పు అదే. వైవాలో "టైమర్ మోడ్‌లు చెప్పు" అంటే గడగడా అప్పజెప్పేవాళ్లం. మోడ్ 0 పదమూడు బిట్లు (పాత 8048 కోసం మిగిల్చింది, ఎవరూ వాడరు), మోడ్ 1 పదహారు బిట్లు, మోడ్ 2 ఎనిమిది బిట్ల ఆటో రీలోడ్, మోడ్ 3 టైమర్‌ని రెండు ముక్కలు చేసేది.

మోడ్ 2లో లెక్కపెట్టేది టీఎల్ అనే రిజిస్టర్, దాన్ని మళ్లీ నింపేది టీహెచ్. టీహెచ్‌లో మధ్యలో ఏం రాసినా, జరుగుతున్న లెక్కకి ఏమీ కాదు. టీఎల్ పొంగిపొర్లినప్పుడే కొత్త విలువ అందులోకి దిగుతుంది. మధ్యలో పీరియడ్ మార్చినా భయం లేదన్నది అక్కడే చేతికి అలవాటైపోయింది. ఎందుకు భయం లేదో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మోడ్ అంటే ఎన్ని బిట్లు, ఎక్కడిదాకా లెక్క అన్నదే చదివాం. రాసిన విలువ ఏ క్షణాన అమల్లోకి వస్తుందన్నది ఏ వైవాలోనూ రాలేదు. ఏవీఆర్‌లో (ఏటీమెగా చిప్పుల కుటుంబం) టైమర్1కి ఉన్న పదహారు మోడ్‌ల పట్టికలో, ఎప్పుడు అప్‌డేట్ అవుతుందో చెప్పే ఒక కాలమ్ ఉంటుంది. ఇప్పుడు ఆ పట్టిక తీస్తే నేను ముందు చూసేది దాన్నే.

మొదటి రిపేరు, అది కూడా తప్పే

సులువైన దారి ఒకటి ఉంది. కొత్త విలువ రాసే ముందు లెక్క ఎక్కడుందో చూసి, దాటేసి ఉంటే లెక్కనే వెనక్కి జరపడం. నాకు నచ్చలేదు. చూడ్డానికీ రాయడానికీ మధ్య కూడా టైమర్ నడుస్తుంది. పైగా లెక్క రిజిస్టర్‌లో మనం చెయ్యి పెడితే, ఆ తర్వాతి టైమర్ క్లాక్‌లో వచ్చే మ్యాచ్‌ని చిప్పే ఆపేస్తుంది. గుంట పూడ్చబోయి పక్కన ఇంకోటి తవ్వినట్టు.

ఫాస్ట్ పీడబ్ల్యూఎంలో (పల్స్ వెడల్పుని హార్డ్‌వేరే చూసుకునే మోడ్‌లు) డబుల్ బఫరింగ్ ఉంటుంది కదా అని మోడ్ 14కి మారాను. అందులో హద్దు ఐసీఆర్1 అనే ఇంకో రిజిస్టర్. ఓసీఆర్1ఏ ఖాళీగా ఉంటుంది, పల్స్ వెడల్పుకి వాడుకోవచ్చు, అందుకే చాలా ఉదాహరణల్లో ఇదే కనిపిస్తుంది. ఎక్కించి నడిపితే పావుగంటలో టక్కుమంది. అక్క నా వైపు చూసింది, నేను వేరే వైపు చూశాను.

డబుల్ బఫరింగ్ ఓసీఆర్ రిజిస్టర్లకే. ఐసీఆర్1కి లేదు. మారని ఫ్రీక్వెన్సీకి మోడ్ 14 బంగారం. నడుస్తుండగా ఫ్రీక్వెన్సీ మార్చాలంటే హద్దుగా ఓసీఆర్1ఏనే వాడమని డేటాషీట్ కూడా చెబుతుంది. అదే మోడ్ 15.

మోడ్ 15లో ఓసీఆర్1ఏలో రాసింది ముందు బఫర్‌లో కూర్చుంటుంది. లెక్క హద్దు చేరి సున్నా అయ్యే క్షణంలోనే అసలు రిజిస్టర్‌లోకి దిగుతుంది. గీత ఎప్పుడు కనబడినా, నేను ఎప్పుడు రాసినా, నడుస్తున్న పీరియడ్ పాత హద్దుతోనే పూర్తవుతుంది. 8051 మోడ్ 2లో నాకు తెలియకుండా దొరికిన సౌకర్యం ఇదే.

ఫేజ్ కరెక్ట్ మోడ్‌లు కూడా ఉన్నాయి, లెక్క పైకి ఎక్కి మళ్లీ కిందికి దిగేవి. మోటారు బ్రిడ్జిలకి బాగుంటాయి, స్టెప్ పల్స్‌లకి వాటితో పని లేదు.

మోడ్ 15లో చిన్న చిక్కులు

హద్దుగా ఓసీఆర్1ఏ పోయింది కాబట్టి పల్స్ బయటికి వచ్చేది ఓసీ1బీ పిన్ నుంచి, ఆర్డునో లెక్కలో 10. బోర్డు మీద ట్రాక్ ఒకటి కోసి తీగ అతికించాల్సి వచ్చింది. దానికి బదులు ఒక లాభం దొరికింది. పల్స్‌ని ఇప్పుడు హార్డ్‌వేరే ఇస్తుంది. పల్స్ వెడల్పు చూసే రిజిస్టర్ ఓసీఆర్1బీలో 9 పెడితే సరిగ్గా ఐదు మైక్రోసెకన్ల పల్స్. ఇంటరప్ట్ ఆలస్యమైనా పల్స్ కదలదు. ఇంతకుముందు అనలైజర్‌లో కనిపించిన సన్నటి వణుకు పోయింది.

ఆపడం దగ్గర ఇంకో చిక్కు. ఈ మోడ్‌లో పిన్ పైకి లేచేది లెక్క సున్నా అయినప్పుడు. హద్దు ఇంటరప్ట్‌లో "1222 అయ్యాయి, ఆపు" అని పిన్‌ని విడదీస్తే, అప్పటికే 1223వ పల్స్ మొదలై ఉంటుంది. అది సగంలో తెగుతుంది. డ్రైవర్ దాన్ని లెక్కేస్తుందో లేదో దాని ఇష్టం. అందుకని లెక్కపెట్టడాన్ని, లెక్క ఓసీఆర్1బీని చేరినప్పుడు వచ్చే బీ మ్యాచ్ ఇంటరప్ట్‌కి మార్చాను. అది పల్స్ పూర్తయిన క్షణంలో వస్తుంది. అక్కడ లెక్కేసి, అక్కడే ఆపితే తెగిన పల్స్ ఉండదు.

మొదలుపెట్టడం దగ్గర దానికి తమ్ముడు. టైమర్‌ని సున్నా నుంచి వదిలితే మొదటి బీ మ్యాచ్ 9 దగ్గర వచ్చేస్తుంది, పల్స్ మాత్రం ఇంకా రాలేదు. లెక్కలో ఒకటి ఎక్కువ, బయట ఒకటి తక్కువ. అనలైజర్‌లో 1221 కనిపించాక తెలిసింది. టైమర్ ఆపి ఉంచి, ఏవీఆర్ మోడ్ 0లో (65535 దాకా మామూలుగా లెక్కపెట్టేది) ఉండగా ఓసీఆర్1ఏ రాసి (అక్కడ బఫర్ లేదు, వెంటనే దిగుతుంది), మోడ్ 15కి మార్చి, లెక్కని హద్దుకి పది అంకెల కింద పెట్టి, పాత ఫ్లాగులు తుడిచి, అప్పుడు వదిలితే సరిపోయింది.

ఆర్డునో వాళ్లకి ఒక మాట. మీ ప్రోగ్రామ్ మొదలయ్యే ముందే ఆర్డునో టైమర్1ని ఎనిమిది బిట్ల ఫేజ్ కరెక్ట్ మోడ్‌లో, ప్రీస్కేలర్ 64తో పెట్టి ఉంచుతుంది. దాని మీద "ఈ బిట్ కూడా కలుపు" అని రాసుకుంటూ పోతే పాత బిట్లు అలాగే ఉంటాయి. 256 ప్రీస్కేలర్ కోసం ఒక బిట్ కలిపితే మూడు బిట్లూ ఒకటై, టైమర్ క్లాక్ వదిలేసి బయటి టీ1 పిన్ వైపు చూస్తూ కూర్చుంటుంది. రెండు కంట్రోల్ రిజిస్టర్లనీ ముందు సున్నా చేయండి. టైమర్0 జోలికి మాత్రం వెళ్లొద్దు, మిల్లీసెకన్ల లెక్క దాని మీదే నడుస్తుంది.

నమ్మేదెలా

వెయ్యికి ఎనిమిది వచ్చే తప్పు పోయిందని చెప్పడానికి గంటసేపు నడిపితే చాలదు. ఇంటి దగ్గర బెంచి మీద ఐ మార్క్‌కి బదులు ఇంకో బోర్డుతో ఇష్టమొచ్చినట్టు గీతలు పంపించాను, సెకనుకి యాభై చొప్పున. పాత ప్రోగ్రామ్ అయితే కొద్ది సెకన్లకే తప్పాలి.

పల్స్‌ల మధ్య ఖాళీలు కొలవడానికి మూడో బోర్డుని కాపలా పెట్టాను. ఇక్కడ ఇన్‌పుట్ క్యాప్చర్ పనికొచ్చింది. టైమర్1 మోడ్ 0లో తన మానాన తిరుగుతుంటుంది. 8వ పిన్ మీద పల్స్ రాగానే ఆ క్షణపు లెక్క ఐసీఆర్1లో పడుతుంది. ఇప్పటి లెక్కలోంచి పోయినసారి లెక్క తీసేస్తే ఖాళీ ఎంతో తెలుస్తుంది, గరిష్ఠాన్ని దాచుకుంటే సరి.

పాత ప్రోగ్రామ్ పెట్టి నడిపాను. కాపలా బోర్డు అంతా క్షేమమంది. పక్కనే అనలైజర్‌లో 33 మిల్లీసెకన్ల ఖాళీలు కనిపిస్తున్నాయి.

కాపలా బోర్డులో కూడా ప్రీస్కేలర్ 8 పెట్టాను! ఖాళీ 66016 అంకెలు. పదహారు బిట్ల తీసివేతలో 65536 మాయమై 480 మిగులుతుంది. అంటే 240 మైక్రోసెకన్లు, నిక్షేపంలాంటి పల్స్. దొంగ ఏ దారిన పోయాడో కాపలావాడి కళ్లూ ఆ దారినే మూసుకున్నాయి. ప్రీస్కేలర్ 64 చేశాక, చుట్టు 262 మిల్లీసెకన్లకి పెరిగింది, మొదటి తప్పు 8252 అంకెలుగా ఎదురుగా కనబడింది. అప్పుడు కొత్త ప్రోగ్రామ్ ఎక్కించి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి లాగడం మధ్యలో గరిష్ఠ ఖాళీ రెండు మిల్లీసెకన్లు దాటలేదు. అది బయల్దేరే వేగమే.

ఆ తర్వాత ఎస్‌టీఎం32 అనే వేరే చిప్పు మీద ఇంకో మిషన్‌కి బోర్డు చేశాను. అక్కడ హద్దు రిజిస్టర్ పేరు ఏఆర్ఆర్, దానికి బఫర్ ఉంది, కానీ ఏఆర్‌పీఈ అనే బిట్ పెడితేనే పనిచేస్తుంది. రీసెట్‌లో ఆ బిట్ సున్నా. నా ప్రోగ్రామ్‌లో టైమర్ గురించి రాసిన మొదటి లైను ఆ బిట్టే.

గుంటూరు మిషన్ ఆ సీజన్ అంతా నడిచింది. అక్క పక్కన పెట్టుకున్న బకెట్‌లో ఇప్పుడు రోల్ మార్చినప్పుడు పాడైన నాలుగైదు ప్యాకెట్లే ఉంటున్నాయి. మొన్న ఓనర్ గారు మళ్లీ ఫోన్ చేశారు. 50 గ్రాముల ప్యాకెట్ కూడా కావాలట. అది పొట్టి పౌచ్, గీత కనబడేసరికి మోటారు ఇంకా ర్యాంప్‌లోనే ఉంటుంది. సర్దుబాటు లెక్క మళ్లీ మొదటినుంచి రాయాలి.